తొలి కాన్పు – మేము సగమే చెప్పిన సాక్ష్యము



2024 వర్షాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక యౌవన జంట మా ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నారు. పెళ్లయి ఏడాదిన్నర. ఆ అమ్మాయికి ఏడో నెల. గద్వాలకు కొంచెం దూరంలో ఉన్న పల్లెవారు. మాతో మాట్లాడాలని ఆగారంటే ఏదో ఇంటి తగవు అనుకున్నాము. కాదు. అబ్బాయి తల వంచుకుని, "అయ్యగారూ, కాన్పు ఇంట్లనే చేపియ్యాలె అనుకుంటున్నం. దవాఖానకు పోతె కోస్తరు. మా అవ్వ ఉన్నది. మా ఊర్ల సగం మంది ఆమె చేతుల మీదనే పుట్టిండ్రు. మీరు ప్రార్థన చేసి పంపుండ్రి" అన్నాడు.

"ఈ ఆలోచన ఎట్లా వచ్చింది నాయనా?" అని అడిగాము.

ఈసారి ఆ అమ్మాయి మాట్లాడింది. "యూత్ మీటింగుల మీరే చెప్పిండ్రు గద అయ్యగారూ! పెద్దబాబు ఇంట్లనే పుట్టిండని, అమ్మగారిని దేవుడు సావు నోట్లకెల్లి తీసిండని. అది విన్నంక నాకు భయం పోయింది."

ఆమె భయం పోయిన చోటనే మా భయం మొదలైంది.

ఆ సాక్ష్యము మేము ఇరవై ఏళ్లుగా చెబుతున్నాము. వనపర్తిలో ఉన్నప్పుడు చెప్పాము, నాగర్‌కర్నూలుకు బదిలీ అయినప్పుడు చెప్పాము, గద్వాలకు వచ్చాక యౌవనుల కూటములలోనూ స్త్రీల సమాజములోనూ చెప్పాము. చెప్పినది అబద్ధమని అనలేము గాని, అది సగమే. మిగిలిన సగం ఆ మధ్యాహ్నం అరుగుమీద ఆ పిల్లలిద్దరికీ చెప్పవలసి వచ్చింది. ఈ పత్రిక చదివే కుటుంబాలలోనూ మా సాక్ష్యము విన్నవారు ఉన్నారు గనుక మీకూ చెప్పడం న్యాయమని ఇది రాస్తున్నాము.

2004లో మా ఇంట్లో జరిగినది

థియాలజీ డిప్లొమా పూర్తిచేసి, వనపర్తి దగ్గర ఒక చిన్న సంఘములో సేవ ఆరంభించి అప్పటికి రెండేళ్లయింది. తొలి కాన్పు తల్లిగారింట జరగడం మన ప్రాంతంలో అందరి ఆచారమే గనుక ఏడో నెలలో మా సహధర్మచారిణిని అయిజ అవతల ఉన్న వారి ఊరికి పంపాము. ఆమెకు మేనత్త వరుసైన ఒక పెద్దావిడ ఆ ఊరి మంత్రసాని. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె గదిలోకి అడుగుపెడితే నొప్పులు పడే ఆడకూతురికి సగం ధైర్యం వచ్చేదని ఊరంతా చెప్పేవారు.

సిద్ధపాటులో మేమేమీ తక్కువ చేయలేదు. పాత నూలు చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టాము. కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, కొబ్బరినూనె, నీళ్లు కాచే పెద్ద అండా, నులకమంచం, కింద పరచడానికి గోనెసంచులు, కరెంటు పోతే వెలిగించడానికి కందిలి, అన్నీ ఒక మూలకు చేర్చాము. 121వ కీర్తన రోజూ చదువుకున్నాము. అనుభవమున్న చేతులు, కాచిన నీళ్లు, ప్రార్థన ఉండగా ఇంకేమి కావాలనుకున్నాము.

సాక్ష్యములో మేము ఎన్నడూ చెప్పని సంగతి ఇక్కడ ఉంది. ఊరికి వచ్చే నర్సమ్మ రెండుసార్లు ఇంటికి వచ్చి, కళ్ల కింది రెప్ప దించి చూసి, "పిల్ల తెల్లగ పాలిపోయింది, రక్తం తక్కువున్నది, గద్వాలకు తీస్కపోయి పరీక్ష చేపియ్యండ్రి" అని చెప్పింది. ఇనుము మాత్రలు ఇచ్చి వెళ్లింది. మాత్రలు వికారం పుట్టిస్తున్నాయని మా ఆమె గూట్లో పెట్టేసింది. గద్వాలకు తీసుకుపోవలసినవారము మేము. "ప్రభువు చూసుకుంటాడు" అన్నాము. ఆ మాట విశ్వాసముతో అన్నామా, చేతిలో డబ్బు లేక అన్నామా అని ఇప్పుడు తరచి చూసుకుంటే, రెండోదే ఎక్కువని ఒప్పుకోవాలి. బస్సు చార్జీలు, పరీక్షలు, మందులు లెక్క వేసుకుని, ఆ లెక్కమీద విశ్వాసమనే దుప్పటి కప్పాము.

మా కుమారుడు తెల్లవారుజామున పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. బయట ఉన్న మేము మోకాళ్లూని స్తుతి పాట అందుకున్నాము. రెండో చరణం దాటిందో లేదో, లోపల మాటలు ఆగిపోయాయి.

మాయ రాలేదు. సాధారణంగా బిడ్డ పుట్టిన అరగంటలోపు అది రావాలి. అత్తమ్మ కడుపు ఒత్తి చూసింది. వాంతి వచ్చే ఊపుకు మాయ జారుతుందని వెంట్రుకలు నోట్లో పెట్టి ఓకరింపు తెప్పించారు. అందులో ఆమె తప్పేమీ లేదు, ఆమె తల్లి ఆమెకు నేర్పిన వైద్యమది. గోనెసంచి తడిసింది. దానిమీద వేసిన చీర తడిసింది. ఇంకో చీర వేశారు. సూర్యుడు పొడిచేసరికి మా ఆమె పిలిస్తే పలకడం మానేసింది.

ఇది ఎందుకు జరుగుతుందో మాకు ఆ తరువాత ఒక డాక్టరమ్మ చెప్పారు. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుందట. బిడ్డ, మాయ రెండూ బయటికి వచ్చాక గర్భసంచి బిగుసుకుని, తెరుచుకున్న రక్తనాళాలను తానే నొక్కిపట్టుకుంటుంది. సృష్టికర్త పెట్టిన ఏర్పాటు అది. మాయ లోపలే నిలిచిపోతే సంచి బిగుసుకోలేదు. అటువంటి రక్తస్రావం తల్లిని రెండు గంటలలోపే తీసుకుపోగలదు. ముందే రక్తం తక్కువున్న తల్లికి ఆ వ్యవధి కూడా ఉండదు.

ఊరిలో ఉన్న ఒకే ఒక జీపు డ్రైవరును లేపాము. 108 వాహనాలు మొదలైనది 2005 ఆగస్టు 15న, అంటే మాకు ఒక ఏడాది ఆలస్యంగా. పట్టణంలో మొదట చేరిన చోట ఒక డాక్టరమ్మ గ్లౌజు తొడుక్కుని, చెయ్యి లోపలికి పెట్టి, మాయ తీసివేసింది. కాని ఎక్కించడానికి రక్తం లేదు. కర్నూలుకు పొమ్మన్నారు. ఇంకా దాదాపు అరవై కిలోమీటర్లు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక సీసా రక్తం మా బావమరిది ఇచ్చాడు. రెండో సీసా ఇచ్చినవారు మాకు తెలియనివారు. తన తండ్రిని చేర్పించి వరండాలో కూర్చున్న ఒక ముస్లిం సోదరుడు, మా ఏడుపు విని లేచి వచ్చాడు. మా ఆమె బ్రతికింది. ఆ సోదరుని పేరు కూడా మేము అడగలేదు. అది ఇప్పటికీ మమ్మల్ని బాధిస్తుంది.

తరువాత సంఘములో సాక్ష్యము చెప్పాము. మొదటిసారి ఉన్నది ఉన్నట్టే చెప్పామనుకుంటాము. చెప్పగా చెప్పగా కొన్ని రాలిపోయాయి, కొన్ని వచ్చి చేరాయి. నర్సమ్మ రాలిపోయింది. గూట్లో మాత్రలు రాలిపోయాయి. రక్తమిచ్చిన సోదరుడు రాలిపోయాడు. "డాక్టర్లు చేతులెత్తేశారు, కాని ప్రభువు లేపాడు" అన్న మాట ఎప్పుడో వచ్చి చేరింది. వినేవారు ఆ మాటకే "స్తోత్రం" అనేవారు గనుక అది స్థిరపడిపోయింది. కాని డాక్టరమ్మ చేతులెత్తలేదు, చెయ్యి పెట్టింది. ప్రభువు లేపినది ఆ చేతితోనే.

ఆ చిన్నదానికి ఇదంతా చెబుతుంటే పక్కన మా సహధర్మచారిణి మౌనంగా కూర్చుంది. చివరికి ఒక్క మాట అన్నది. "నాకు యాదికున్నది ఒక్కటే బిడ్డా. బాబు ఏడుస్తుండు, నాకు వినపడుతున్నది, కాని చెయ్యి లేపుదామంటె లేస్తలేదు."

రాహేలు గుడారం

ఇంటి కాన్పు గురించి పరిశుద్ధ గ్రంథము ఏమి చెబుతుందని కొందరు అడుగుతారు. ఆ కాలంలో అన్నీ ఇంటి కాన్పులే గనుక నేరుగా జవాబు దొరకదు. మంత్రసానుల మీద మాత్రం దేవుని గ్రంథానికి ఎంతో గౌరవం ఉంది. ఫరో ఆజ్ఞను లెక్కచేయని షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు నిర్గమకాండము పదిలంగా రాసి ఉంచింది (1:15–21). ఆ ఫరో పేరు మాత్రం అక్కడ లేదు! కీర్తనకారుడు తనను తల్లి గర్భములోనుండి బయటికి తీసినవాడు దేవుడేనని చెబుతూ, ప్రభువునే మంత్రసాని స్థానంలో నిలిపాడు (కీర్తన 22:9). ఇంతకన్నా గొప్ప గౌరవం ఏ వృత్తికి దొరుకుతుంది?

అదే గ్రంథములో రాహేలు కూడా ఉన్నది (ఆది 35:16–20). యాకోబు కుటుంబము, వాగ్దానపు కుటుంబము. బేతేలులో బలిపీఠము కట్టి బయలుదేరిన ప్రయాణమది. దారిలో నొప్పులు వచ్చాయి, కాన్పు కష్టమైంది. మంత్రసాని పక్కనే ఉన్నది, భయపడవద్దని ధైర్యము చెప్పింది. బిడ్డ బ్రతికాడు. తల్లి పోయింది. ఆమెకు విశ్వాసము చాలలేదని మోషే ఎక్కడా రాయలేదు. ఈ భాగాన్ని గర్భిణీ స్త్రీలముందు చదవకూడదని మన పెద్దలు కొందరు అంటారు. ఆ అమ్మాయి ముందు మేము చదివాము. మంత్రసాని మంచిదైనా, కుటుంబం భక్తిగలదైనా, ఆమె చేతిలో లేనిది ఆమె ఇవ్వలేదు. రాహేలుకు ఏ కారణాన ప్రాణము పోయిందో గ్రంథము చెప్పదు గాని, ఆ గుడారంలో రక్తము లేదు, సూదిమందు లేదు, ఆపరేషను గది లేదు. మన కాలంలో అవి ఉన్నాయి. ఉన్నవాటిని వద్దని, లేని కాలపు గుడారాన్ని కోరుకోవడం విశ్వాసమని మేము చెప్పలేము.

కోస్తారన్న భయం

అయితే ఆ జంట భయాన్ని కూడా తేలికగా తోసివేయలేము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు హాస్పిటళ్లలోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు పెద్ద ఆపరేషనుతో జరిగాయని ఉంది. ప్రైవేటు హాస్పిటళ్లలో అయితే 81.5 శాతం. ప్రభుత్వ హాస్పిటళ్లలో 44.5. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు ఏ ప్రాంతంలోనైనా 10–15 శాతానికి మించవలసిన అవసరం కనబడదని చెప్పారు. మన రాష్ట్రపు ఆడవారి శరీరాలు మాత్రమే దేవుడు వేరుగా చేశాడా? ఈ కోతలన్నీ అవసరమైనవేనని మేము నమ్మము.

తప్పంతా డాక్టర్లదేనని అనుకోవడమూ సరికాదు. ముహూర్తం చూపించి ఫలానా గంటకు బిడ్డను తీయమని అడిగే కుటుంబాలున్నాయి. విశ్వాసులు ముహూర్తాలు చూడరు కదా అనుకుంటున్నారా? క్రిస్మస్ రోజుననే బిడ్డ పుట్టాలని, అందుకోసం వారం ముందే ఆపరేషను చేయించాలని మమ్మల్ని ప్రార్థన అడిగినవారున్నారు. ప్రార్థించలేదు. వారికి మామీద ఇంకా కొంచెం కోపమే.

కోతకు భయపడి ఇంటికి పారిపోతే మరి? లోకంలో ఇంటి కాన్పులు పద్ధతిగా జరిగే దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్సులో ఇప్పటికీ కొందరు తల్లులు ఇంట్లోనే ప్రసవిస్తారు. కాని అక్కడ ఏ ప్రమాదమూ కనబడని తల్లులకే ఆ అవకాశం ఇస్తారు. ఇంటికి వచ్చే మంత్రసాని సంవత్సరాల తరబడి చదివిన మనిషి. రక్తం ఆపే మందు, బిడ్డకు ఊపిరి అందించే సాధనం ఆమె సంచిలో ఉంటాయి. పరిస్థితి మారితే త్వరగా హాస్పిటలుకు చేర్చే ఏర్పాటు ముందే ఉంటుంది. అంటే వారి ఇంటి కాన్పులో సగం హాస్పిటలు ఇంటికి వస్తుంది. మన పల్లెలో ఇంటి కాన్పు అంటే ఒక బ్లేడు, ఒక దారం.

మన రాష్ట్రంలోనూ మంచి ఆరంభం ఒకటి జరిగింది. 1948లో హైదరాబాదులో రెండు పడకలతో ఒక క్రైస్తవ దంపతులు మొదలుపెట్టిన ఫెర్నాండెజ్ హాస్పిటలు, కోత అవసరంలేని కాన్పుల కోసం నర్సులను చదువుకున్న మంత్రసానులుగా తయారుచేసే పనిలో దిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం వారితో కలిసి ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ఆరంభించింది. తరువాత కేంద్ర ప్రభుత్వం కూడా దేశమంతటా ఆ దారినే నడిచింది. ఇంట్లో దొరికే ఓపిక, ఆప్యాయత, నడిపించడం, నడుము రాయడం ఇవన్నీ హాస్పిటలులోనే దొరకాలని వారి ఉద్దేశం. మీ హాస్పిటలులో అటువంటి శిక్షణ పొందిన నర్సు ఉన్నారేమో తప్పక అడగండి.

మన పూర్వికులకు ఈ మార్గం కొత్తది కాదు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మూడూ మెనొనైట్ బ్రదరెన్ మిషన్ స్టేషన్లే. ఆ మిషన్ పక్షాన 1907లో డాక్టర్ కథరీనా షెల్లెన్‌బర్గ్ అనే అవివాహిత స్త్రీ మన నైజాము సీమకు వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసేవరకు వైద్యం చేశారు. తరువాత 1950లలో జడ్చర్లలో మిషన్ హాస్పిటలు వచ్చింది. ప్రార్థన తెలిసినవారే మందుల సంచి పట్టుకుని వచ్చారు. ఆ రెంటికీ పోటీ ఉన్నదని వారెన్నడూ మనకు నేర్పలేదు.

మూడు నెలల సిద్ధపాటు

ఆ రోజు మేము ఆ జంటతో ఒక ఒప్పందం చేసుకున్నాము. "ఇంట్లో కాన్పుకు ఎంత సిద్ధపడతారో అంతా సిద్ధపడదాము. కాని హాస్పిటలుకు పోవడానికి సిద్ధపడదాము. ప్రతి శనివారం మీ ఇంటికి వస్తాము." వారు వెంటనే ఒప్పుకోలేదు. అవ్వ అసలే ఒప్పుకోలేదు. ముసలామె మావైపు చూడకుండా, "అంటె నా చేతులు మురికి చేతులా అయ్యా?" అన్నది. ఆ ప్రశ్నకు మాకు జవాబు దొరకలేదు. మా సహధర్మచారిణి ఆమె పక్కన కూర్చుని తన కథ మళ్లీ మొదటినుండి చెప్పింది. అవ్వ అంతా విని, "మాయ ఆగింది నాకూ ముగ్గురికి అయింది. ఒక పిల్ల నా చేతులనే పోయింది" అని మెల్లగా చెప్పింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మేము సగం సాక్ష్యము చెప్పినట్టే ఆమె కూడా ఇన్నేళ్లూ సగం కథే మోసింది.

మొదటి పని రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. మాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ అమ్మాయి ఆరో నెలవరకు సీడుపత్తి చేలల్లో క్రాసింగు పనికి పోయింది. పొద్దున్నే ఒట్టి చాయ తాగి పొలం చేరి, వంగి మొగ్గలు గిల్లి, పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే పని. ఈ జిల్లాలో ఇంటింటా ఉన్నదే. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నదని మేము పైన చెప్పిన సర్వేయే తేల్చింది. 2022 డిసెంబరులో గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడానికి ప్రభుత్వం ఎంచుకున్న తొమ్మిది జిల్లాలలో జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు రెండూ ఉన్నాయంటే మన పరిస్థితి ఏమిటో తెలుస్తుంది.

ఆశా కార్యకర్త ఇచ్చిన ఇనుము మాత్రలు ఎక్కడున్నాయని మా ఆమె అడిగింది. అమ్మాయి సిగ్గుపడుతూ పెట్టె అడుగునుంచి తీసింది. అన్నీ అలాగే ఉన్నాయి! దొడ్డికి నల్లగా అవుతున్నదని భయపడి మానేసిందట. అలా అవడం సహజమని, హాని లేదని చెప్పేవారు లేకపోయారు. చాయతో వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదు. అన్నం తిన్న తరువాత నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. అత్తగారు తోటకూర, మునగాకు, పల్లీ బెల్లం ఉండలు చూసుకున్నారు. ఆ నెల 9వ తేదీన హాస్పిటలుకు తీసుకువెళ్లాము. ప్రతి నెల 9న గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే పథకం 2016 నుండి ఉన్నది. మాత్రలతో సరిపోయేంత సమయం లేదని అక్కడ నరానికి ఇనుము సూదిమందు ఇచ్చారు. తొమ్మిదో నెలకు 10.4కు వచ్చింది.

తరువాత రక్తం గ్రూపు. అదే గ్రూపున్న ముగ్గురు యౌవనులను సంఘములో చూసిపెట్టాము. ఒకరికి జ్వరం వచ్చినా ఇంకొకరు ఉండాలి. ఆ ముగ్గురి ఫోను నంబర్లు గోడమీద బొగ్గుతో పెద్దగా రాశాము, 108 పక్కన. కాగితంమీద రాస్తే అవసరమైన రాత్రి దొరకదు. 108 రావడం ఆలస్యమైతే పోవడానికి పక్కింటి ఆటో అతనితో ముందే మాట్లాడుకున్నారు. వాన కురిస్తే వాగు ఎక్కడ పొంగుతుంది, ఏ దారిన తిరిగి పోవాలి అన్నది అబ్బాయి రెండుసార్లు పోయి చూసుకున్నాడు. ఇది అతిజాగ్రత్త అని నవ్వినవారున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూరు, కర్నూలు మునిగిన రోజులు చూసినవారు నవ్వరు.

ఒక సంచి కట్టి తలుపు పక్కన తగిలించాము. ఉతికిన చీరలు, బిడ్డకు మెత్తటి నూలు గుడ్డలు, ఆధారు, తల్లీబిడ్డల కార్డు, కొంచెం డబ్బు, చిన్న కొత్త నిబంధన. ప్రభుత్వ హాస్పిటలులో కాన్పుకు, ఆపరేషనుకు, మందులకు, రక్తానికి డబ్బు కట్టనవసరం లేదని 2011 నుండి నియమం ఉన్నా, చేతిలో కొంత ఉంటే మనసు నిబ్బరంగా ఉంటుంది. తల తిరిగేంత నొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఒక్క చుక్క రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పులకోసం ఆగకుండా బయలుదేరాలని అందరిముందు, ముఖ్యంగా అబ్బాయి ముందు చెప్పాము. మగవారు ఈ సంగతులు వినకూడదని బయటికి పోతారు, బండి తేవలసినది మాత్రం వారే!

ఇక అవ్వ. కాన్పు గదిలోకి తోడుగా ఒక స్త్రీని రానివ్వవచ్చని 2016లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. కాన్పు చూసిన మనిషి తోడుగా ఉంటే మంచిదని, అవ్వనే పంపుదామని మేము అన్నాము. ఆ మాటతో ముసలామె మనసు కరిగింది. మరుసటి శనివారం నుండి మేము పోయేసరికి ఆమెయే అమ్మాయిని వాకిట్లో అటూ ఇటూ నడిపిస్తూ కనబడేది.

ఈ సిద్ధపాటు అందరికీ ఒకేలా కుదరదు. నాగర్‌కర్నూలులో సేవ చేస్తున్నప్పుడు అమ్రాబాదు అడవిలోని చెంచు పెంటలకు పోయి వచ్చేవారము. ఇంటి దగ్గర పురుడు పోసుకోవడం వారికి తరాల అలవాటు. వానాకాలంలో జీపు దారి తెగితే గోడమీద 108 రాసుకుని ప్రయోజనం లేదు. అటువంటి చోట నెల నిండకముందే తల్లిని కిందికి తెచ్చి ఎవరైనా ఉంచుకోవాలి. అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఒక విశ్వాసి ఇల్లు పదిరోజులు తెరుచుకుంటే చాలు. సంఘ పెద్దలు దీని గురించి ఆలోచిస్తే బాగుంటుంది. మరియకు ఎలీసబెతు ఇల్లు మూడు నెలలు తెరుచుకున్నది కదా (లూకా 1:56).

2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారని ప్రభుత్వ లెక్క. ఆ జాబితాలో మా ఇల్లు చేరవలసినది. 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కు దిగింది. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా వచ్చాయి. మేము కర్నూలుకు పరుగెత్తిన దారిమీద ఇప్పుడు మధ్యలోనే ఆగవచ్చు.

ఆ రాత్రి

నొప్పులు రాత్రి పదకొండుకు మొదలయ్యాయి. వాన లేదు, 108 వచ్చింది. అవ్వను లోపలికి రానిచ్చారు. నర్సమ్మ మొదట గొణిగినా, ముసలామె నడుము రాస్తూ ఊపిరి ఎలా పట్టాలో చెబుతుంటే ఆమెను కదిలించలేదని తరువాత అమ్మాయి చెప్పింది. మేము బయట బల్లమీద ప్రార్థనలో ఉన్నాము. తెల్లవారేసరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నదని డాక్టరు వచ్చి చెప్పారు. ఆపరేషను చేయాలన్నారు. ఎందుకు, ఇంకొంత ఆగితే ఏమవుతుంది అని అబ్బాయి అడిగాడు. ఆ రెండు ప్రశ్నలు అడగమని మేమే చెప్పి ఉన్నాము. డాక్టరు విసుక్కోకుండా చెప్పారు. అబ్బాయి సంతకం పెట్టాడు. అతని చెయ్యి వణికింది.

ఆడపిల్ల. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు.

మరునాడు మేము చూడబోయినప్పుడు అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "మూడు నెలలు ప్రార్థన చేస్తిమి గద అయ్యగారూ, అయినా కోసిరి" అన్నది. ప్రార్థన వినబడలేదేమోనన్న సందేహం ఆమె గొంతులో ఉంది. మేము వాక్యమేదీ చెప్పలేదు. మా సహధర్మచారిణి బిడ్డను తీసి ఆమె పక్కన పెట్టింది. అమ్మాయి చెయ్యి లేపి బిడ్డ తలమీద పెట్టుకుంది. మా ఆమె ఆ చేతివైపే చూస్తూ నిలబడింది.

ఇంటికి తెచ్చాక బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడవడమే. తరువాత స్నానం. ఆ రోజు మమ్మల్ని పిలిచారు. అవ్వ గడపలో పీట వేసుకుని, కాళ్లు చాపి, మోచేతితో నీళ్ల వేడి చూసింది. నూనె రాసి బిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకుంది. బొడ్డుమీద బూడిద, పసుపు ఏమీ పెట్టవద్దన్న నర్సమ్మ మాట తనే అందరికీ చెప్పింది. బిడ్డ ఊరంతా వినబడేట్టు ఏడ్చింది. అవ్వ నవ్వుతూ, "ఏడువ్ ఏడువ్, నీ నాయన గూడ గిట్లనే ఏడ్చిండు" అంటూ ఇంకో చెంబు పోసింది.

రెండో ఆదివారం సంఘములో బిడ్డను ప్రతిష్ఠించాము. ఆ రోజు సాక్ష్యము చెప్పమని అడిగితే, అబ్బాయి నర్సమ్మ దగ్గరనుండి మొదలుపెట్టాడు.